మీ ప్రశ్నలు: భిక్ష ఎవరికి, ఎంత, ఎప్పుడు?

చాతుర్మాస్యం (సన్యాసుల నాలుగు నెలల వ్రతకాలం) దగ్గరపడిందంటే ఈ శీర్షికకు భిక్ష గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవాటిలో పదిమందికి పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒకే ప్రశ్నగా కలిపేశాం.

ప్రశ్న (ఆదోని నుంచి ఒక గృహిణి): మాకు తెలిసిన మాధ్వ (మధ్వాచార్యుల సంప్రదాయపు) సన్యాసి ఒకరు మంత్రాలయం పోతూ మా ఇంట్లో భిక్ష చేస్తామన్నారు. మేం అనుకున్న రోజు ఏకాదశి. ఏం వండాలి? లేక బియ్యం, కూరగాయలు ఇచ్చి పంపితే చాలా? దక్షిణ ఎంత పెట్టాలి?

జవాబు: ముందు రోజు మార్చుకోండి. మాధ్వ యతులకు ఏకాదశి నిర్జల ఉపవాసం. ఆయన వస్తారు, కూర్చుంటారు, నాలుగు మంచి మాటలు చెబుతారు, భిక్ష మాత్రం ఉండదు. మరునాడు ద్వాదశి పారణకు, అంటే ఉపవాసం విడిచే భోజనానికి పిలవండి. అయితే పంచాంగంలో ద్వాదశి ఎంతవరకు ఉందో చూసుకోండి. కొన్ని ద్వాదశులు సూర్యోదయం తర్వాత కొద్దిసేపటికే అయిపోతాయి. అలాంటి రోజు పొయ్యి తెల్లవారుజామునే వెలగాలి. పదకొండు గంటలకు విస్తరి వేస్తామంటే కుదరదు.

వండాలా, సరుకులివ్వాలా అన్నది వచ్చేవారిని బట్టి ఉంటుంది. మఠాధిపతి పూజాపెట్టెతో, వంటవాళ్లతో వస్తే వంట వాళ్లే చేసుకుంటారు. దేవుడికి నైవేద్యం అయిందే ఆయన తీసుకుంటారు కాబట్టి మీరు సరుకులు, నీళ్లు, శుభ్రమైన చోటు చూపిస్తే చాలు. ఒంటరిగా తిరిగే సన్యాసికి బియ్యం మూట ఇచ్చి ప్రయోజనం లేదు. సన్యాసం తీసుకున్నప్పుడే ఆయన అగ్నిని వదిలేశారు, తనకోసం పొయ్యి వెలిగించుకోరు. ఆయనకు వండిన అన్నమే పెట్టాలి.

చాతుర్మాస్యంలో అయితే ఏ నెలలో ఏది కూడదో చూసి వండండి. ఆషాఢ శుద్ధ ద్వాదశి నుంచి మొదటి నెల శాకవ్రతం: కూరగాయలు, ఆకుకూరలు ఉండవు. కారానికి మిరపకాయ కాదు, మిరియాలు, జీలకర్ర వాడతారు. రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల ద్విదళాలు, అంటే పప్పుదినుసులు మానేస్తారు. ఎక్కువమంది తడబడేది ఆ నాలుగో నెలలోనే. పప్పు చేయకపోయినా తాలింపులో అలవాటుగా మినప్పప్పు, శనగపప్పు పడిపోతాయి. ఇంకేముంది, చేసిన కూరంతా పక్కన పెట్టాల్సిందే. ఉల్లి, వెల్లుల్లి సంగతి చెప్పనక్కరలేదు.

పెట్టే వరుస ఇది. కాళ్లకు నీళ్లివ్వండి. విస్తరి ముందు కూర్చున్నాక ఆయన చేతిలో ముందు నీళ్లు పోయాలి, తర్వాత అన్నం, మళ్లీ నీళ్లు. 'యతిహస్తే జలం దద్యాత్' అని పరాశర స్మృతి చెప్పిన వరుస అదే. కొలత సంగతికొస్తే మునికి ఎనిమిది ముద్దలు, వానప్రస్థుడికి పదహారు, గృహస్థుకు ముప్ఫై రెండు అని ధర్మసూత్రాలు లెక్క కట్టాయి. పదహారు రకాలు చేసి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని మీదపడి వడ్డించడం ప్రేమే కావచ్చు, ఆయన నియమానికి మాత్రం అడ్డం. వద్దని చెయ్యి అడ్డం పెడితే అక్కడికి ఆపేయండి.

ఇలా ముందే పిలిచి పెడితే భిక్ష అవుతుందా అని ఇంకొకరు అడిగారు. అవుతుంది. యతిధర్మ గ్రంథాలు భిక్షను ఐదు రకాలుగా చెప్పాయి. ఏ ఇల్లని ముందే అనుకోకుండా మూడో ఐదో ఏడో ఇళ్లలో కొంచెం కొంచెం తీసుకుంటే మాధుకరం. ఆయన నిద్ర లేవకముందే వచ్చి పిలిస్తే ప్రాక్ప్రణీతం. భిక్షకు బయలుదేరబోయేముందు పిలిస్తే అయాచితం. వాకిట్లోకి వచ్చాక రమ్మంటే తాత్కాలికం. వండి ఆయన ఉన్నచోటికి తీసుకెళ్లి ఇస్తే ఉపపన్నం. అయ్యప్ప దీక్షలో స్వాములను ఇంటికి పిలిచి పెట్టే భిక్ష కూడా, దీక్షవాళ్లు సన్యాసులు కాకపోయినా, ఈ పిలుపు పద్ధతిలోదే.

దక్షిణ ఆయన చేతిలో పెట్టకండి. ఇవ్వాలనిపిస్తే కాషాయ వస్త్రం ఇవ్వండి, డబ్బు అయితే మఠంలో కట్టి రశీదు తీసుకోండి. ఇంకొక్క మాట. శకునాలు, నక్షత్రాలు, చేతి గీతలు చెప్పి యతి భిక్ష సంపాదించకూడదని మనుస్మృతి ఆరో అధ్యాయంలో సూటిగా ఉంది. వాకిట్లో నిలబడి మీ ఇంటికి దోషముందని, శాంతికి ఇంత ఖర్చవుతుందని చెప్పేవాడు కాషాయం కట్టినా ఆ ధర్మంలో లేనివాడే. దండం పెట్టి పంపేయడానికి భయపడనక్కరలేదు. అన్నం అడిగితే పెట్టండి.

ప్రశ్న (కర్నూలు): మా వాడి ఒడుగుకు (ఉపనయనానికి) 'భవతి భిక్షాం దేహి' అన్నప్పుడు బంధువులంతా నోట్లు వేస్తామంటున్నారు. తప్పా?

జవాబు: బియ్యం వేయించండి. మొదటి భిక్ష తల్లి దగ్గర, తర్వాత అక్కచెల్లెళ్లు, పిన్నమ్మ, పెద్దమ్మ. కాదనని వాళ్ల దగ్గరే మొదలుపెట్టాలని స్మృతి నియమం. అడగడం అలవాటు లేని పిల్లవాడికి తొలిసారే లేదనిపించుకునే అవమానం రాకూడదని ఆ ఏర్పాటు. వచ్చిన బియ్యం గురువుకు అప్పగించాలి. వెండి గిన్నెలో ఐదువందల నోట్లు పడితే వాడికి గుర్తుండేది లెక్కే. చదివింపులు విడిగా రాయించుకోండి.

ప్రశ్న (హిందూపురం నుంచి ఒక విద్యార్థి): మా జేజినాయన వారాలు చేసుకుని చదివినాడంటారు. వారాలంటే ఏమి? యాయవారం, మధూకరం, ఉంఛవృత్తి అన్నీ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు. వారాలంటే పరవూరికి చదువుకు పోయిన పేద పిల్లవాడు ఏడు ఇళ్లు కుదుర్చుకోవడం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ ఇంటికీ వారానికి ఒక రోజుకు మించి బరువు ఉండదు. ఊళ్లో దిగగానే ఇల్లిల్లూ తిరిగి 'మీ ఇంట వారం ఇస్తారా అమ్మా' అని అడిగేవాళ్లు. ఆరు ఇళ్లు దొరికి ఏడోది దొరకక తిప్పలు పడేవాళ్లే ఎక్కువ. శనివారం ఒంటిపొద్దు ఉండే ఇళ్లు చాలా కాబట్టి ఆ రోజు రాత్రి భోజనం అనుమానమే. వారం ఇచ్చిన ఇంట్లో మైల వచ్చినా, వాళ్లు ఊరెళ్లి తాళం వేసినా ఆ పూట కడుపు మాడాల్సిందే. అలాంటి రోజు పిల్లవాడు గిన్నె పట్టుకుని నాలుగిళ్లలో వండిన అన్నం కొంచెం కొంచెం అడిగి తెచ్చుకుంటే అది మధూకరం.

యాయవారం సంసారులది. పొద్దున్నే వీధుల్లో తిరిగి బియ్యం తెచ్చుకుని ఇంట్లో వండుకుంటారు. ఉంఛవృత్తి అసలు రూపం కోత అయ్యాక పొలంలో రాలిన గింజలు ఏరుకోవడం. తర్వాతి కాలంలో కీర్తనలు పాడుతూ వీధి తిరిగి ఆ పూటకు సరిపడా గింజలు తీసుకోవడానికీ ఆ పేరే వచ్చింది. తిరువయ్యారులో త్యాగయ్యగారు బతికింది అలాగే. ఇందులో కఠినమైన భాగం తిరగడం కాదు, చాలినంత రాగానే ఆపి ఇంటికి మళ్లడం. రేపటికి గింజ మిగలకూడదు.

వారాల గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఒకటి మరవకూడదు. ఆ తలుపులు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే తెరుచుకున్నాయి. మిగతా కులాల పేద పిల్లలు అన్నం కోసం హాస్టళ్లు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

ప్రశ్న (గుంతకల్లు): కొనకొండ్ల దర్శనానికి వచ్చిన దిగంబర ముని మా వీధిలో జైనుల ఇంట్లో ఆహారం తీసుకున్నారు. నాలుగైదు ముద్దలు తిని చేతులు విడదీసి లేచిపోయారు. ఆ ఇంటామె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏమి అపచారం జరిగింది?

జవాబు: అపచారం ఏమీ కాదు, అంతరాయం. దిగంబర ముని రోజుకు ఒక్కసారే తింటారు. నీళ్లు కూడా అప్పుడే. పాత్ర ఉండదు, రెండు చేతులూ కలిపిన దోసిలే పాత్ర. నిలబడే తినాలి, పాదాల మధ్య నాలుగు అంగుళాల ఎడం. దాత చిన్న ముద్ద దోసిట్లో పెడితే ముని బొటనవేలితో కదిపి, పరిశీలించి అప్పుడు నోట పెట్టుకుంటారు. అందులో వెంట్రుకో, పురుగో, గోరో కనబడినా, పట్టిన దోసిలి విడిపోయినా భోజనం ఆగిపోయినట్టే. ఇలాంటి అంతరాయాలను శాస్త్రం ముప్ఫై రెండు చెప్పింది. ఆగిందంటే మళ్లీ మర్నాడే, అప్పటిదాకా మంచినీళ్లు కూడా లేవు. వేసవిలో గుంతకల్లు ఎండలో అలా జరిగితే పెట్టినవాళ్లకు దుఃఖం రాక ఏమవుతుంది? ముని మాత్రం నిందించరు, కారణం కూడా చెప్పరు. భోజనమంతా మౌనమే.

మళ్లీ ఆ ఇంటికి అవకాశం వస్తే జాగ్రత్తలు ఇవి. వడ్డించేవాళ్లు స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టి, తలకు గుడ్డ గట్టిగా చుట్టుకోవాలి. సగం అంతరాయాలు వెంట్రుకతోనే వస్తాయి. నీళ్లు వడగట్టి కాచినవై ఉండాలి. పాలు పితికిన నలభై ఎనిమిది నిమిషాల్లోపే కాచాలి. పిండికి గడువుంది: వానాకాలం మూడు రోజులు, ఎండాకాలం ఐదు, చలికాలం ఏడు. దుకాణంలో కొన్న పాకెట్ పిండి ఎప్పుడు ఆడించిందో తెలియదు కాబట్టి పనికిరాదు, ఇంట్లో విసురుకోవాలి. ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ లాంటి నేలలో ఊరేవి కూడవు. అన్నిటికన్నా ముఖ్యం, మునికోసమే ప్రత్యేకంగా వండకూడదు. ఇంటివాళ్లు తినేందుకు శుద్ధంగా వండుకున్నదాంట్లోనే ఆయనకు పెట్టాలి.

ముని తమ వాకిలి దాకా వచ్చి ఆగకుండా వెళ్లిపోయారని బాధపడేవాళ్లూ ఉన్నారు. బయలుదేరేముందే ఆయన మనసులో ఒక నియమం పెట్టుకుంటారు: దంపతులిద్దరూ నిలబడి ఉండాలనో, చేతిలో కొబ్బరికాయ ఉండాలనో, కలశం ఉండాలనో. ఎవరికీ చెప్పరు. కుడిచేతి వేళ్లు భుజానికి ఆనించి మౌనంగా నడుస్తారు. వాకిట్లో వాళ్లు 'నమోస్తు, అత్ర తిష్ఠ' (నమస్కారం, ఇక్కడ ఆగండి) అని పిలుస్తారు. తాను అనుకున్నది కనబడితే ఆగుతారు, ఏ వాకిట్లోనూ కనబడకపోతే ఆ రోజు ఉపవాసమే. ఇష్టమైన ఇల్లు, రుచిగా పెట్టే ఇల్లు ఎంచుకునే వీలు తనకే లేకుండా చేసుకునే ఏర్పాటు ఇది. కాబట్టి ముని ఆగలేదంటే మీ ఇంట్లో లోపముందని కాదు.

ప్రశ్న (కడప నుంచి ఒక దుకాణదారు): గురువారం గురువారం సాంబ్రాణి పొగ వేసే ఫకీర్లు వస్తారు. ఎంత ఇవ్వాలి? ఇస్లాంలో అడుక్కోవడం తప్పంటారు కదా, మరి ఫకీర్లు ఎలా ఉన్నారు?

జవాబు: ఇచ్చే చెయ్యి పుచ్చుకునే చెయ్యికన్నా మేలని హదీసు (ప్రవక్త మాట). పని చేసుకోగలిగినవాడు అడగడాన్ని ఆ మతం మెచ్చుకోదు. అందుకే పెద్ద సూఫీలు చాలామంది అడిగేవాళ్లు కారు. అడగకుండా వచ్చినది మాత్రం కాదనేవాళ్లు కారు. చిష్తీ శాఖ సూఫీలు దాన్ని ఫుతూహ్ అంటారు. వచ్చింది వచ్చినట్టు పంచేయడం దానికి షరతు. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా ఖాన్‌ఖా (ఆశ్రమం)లో శుక్రవారం నమాజుకు ముందు కొట్టు ఖాళీచేసి ఊడ్చేవాళ్లు. ఇంటింటికీ తిరిగేవాళ్లు వేరే తరీఖాల (సూఫీ శాఖల) వాళ్లు: మదారీలు, రఫాయీలు, కలందర్లు. చేతిలో కష్కోల్ గిన్నె, నెమలీకల కట్ట, భుజాన జోలె ఉంటాయి. కడప పెద్ద దర్గా ఉరుసులో రకరకాల ఫకీర్లు మీకు కనబడుతూనే ఉంటారు.

ఎంత అనే దానికి కొలత లేదు. ధూపం వేసి ఆశీర్వదించి, ఇచ్చింది తీసుకుని, ఇవ్వకపోయినా అదే దువా చేసి కదిలేవాడు పద్ధతి తెలిసినవాడు. నిలబడి ఇంత కావాలని గద్దించేవాడికి ఇవ్వలేదని దిగులు పడకండి. మీరు జకాత్ (తప్పక ఇవ్వాల్సిన దానం) కట్టేవారైతే ఈ చిల్లరను ఆ రెండున్నర శాతంలో కలపకండి. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు విడిగా చెప్పి ఉన్నాయి. ఇది సదఖా (ఇష్టపూర్వక దానం) కింద పోతుంది.

ఇదే వరసలో నార్పల నుంచి వచ్చిన ప్రశ్న: గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండగలో తీసుకునే ఫకీరు దీక్ష కూడా ఇదేనా? కాదు. అది కొన్నాళ్ల వైరాగ్యం. హిందువులు, ముస్లిములు ఇద్దరూ తీసుకుంటారు. ఎర్రదారం కట్టుకుని, చెప్పులు వదిలి, మాంసం, మద్యం మాని, నేలమీద పడుకుని, బ్రహ్మచర్యం పాటిస్తారు. పండగ అయ్యాక ఎవరి సంసారంలోకి వాళ్లు వస్తారు. కొత్తగా తీసుకునేవాళ్లు నడకలో దెబ్బతింటారు. మొహర్రం ఎండాకాలంలో వచ్చిన ఏడు తారురోడ్డు మీద మిట్టమధ్యాహ్నం వట్టికాళ్లతో నడిచి బొబ్బలెక్కించుకోకండి. పొద్దున, సాయంత్రం నడవండి.

ప్రశ్న (ఆలూరు): ఎల్లమ్మకు ఐదిళ్ల జోగు (అమ్మవారి పేరిట భిక్ష) మొక్కుకున్నాం. ఎట్ల చేయాల? ఐదిళ్లే ఎందుకు?

జవాబు: మంగళవారం గానీ శుక్రవారం గానీ తలస్నానం చేసి, పడ్లిగ బుట్టకు పసుపు కుంకుమ పెట్టి, ఐదు ఇళ్ల ముందు నిలబడి జోగు అడగాలి. వేసింది ఏదైనా తీసుకోవాలి: జొన్నలు, బియ్యం, పిండి, బెల్లం. ఇది వద్దు అది కావాలి అనకూడదు. ఆరో ఇంటికి పోకూడదు. వచ్చినదాంతో వండి అమ్మవారికి పెట్టి, ఇంటిల్లిపాదీ తిని, ఇరుగుపొరుగుకు ఇవ్వాలి. గింజలన్నీ కలిసిపోయి వండటానికి వీల్లేకుండా పోతుంది కాబట్టి బుట్టలో నాలుగు గుడ్డసంచులు పెట్టుకోండి. రాగులు, జొన్నలు కలిస్తే విసిరి సంగటి చేయొచ్చు, బియ్యంలో జొన్నలు కలిస్తే ఏరుకునే ఓపిక ఉండాలి.

ఐదు చాలా సంప్రదాయాల్లో కనబడే లెక్క. షిర్డీలో సాయిబాబా తిరిగింది ఐదిళ్లే. రొట్టెలు జోలెలో, పులుసు, మజ్జిగ లాంటివి రేకు డబ్బాలో పట్టించుకుని, మసీదులో ఒక మట్టిపాత్రలో పోసేవారు. అందులోనే కుక్కలూ, పిల్లులూ తినేవి. ఇళ్లు తక్కువైతే ఒక్క ఇంటిమీదే భారం పడుతుంది, ఎక్కువైతే మిగిలి దాచుకోవాలనిపిస్తుంది.

మీ ఉత్తరంలో లేకపోయినా ఒకటి చెప్పక తప్పదు. మొక్కు తీరేవరకు జోగెత్తడం వేరు, ఆడపిల్లను దేవతకు వదిలిపెట్టి జోగినిని చేయడం వేరు. రెండోది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం నేరం. ఊళ్లో పెద్దలు చెప్పినా, పూనకంలో ఎవరు పలికినా దానికి ఒప్పుకోకండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): క్రైస్తవ ఫాదర్లు పేదరికం వ్రతం పడతారంటారు. మా విచారణ గురువుకు (మా చర్చి ఫాదరుకు) సొంత కారుంది. ఎలా?

జవాబు: ఫాదర్లందరూ ఆ వ్రతం పట్టరు. బిషప్ కింద మేత్రాసనానికి (ఆయన పరిధిలోని ప్రాంతానికి) చెందిన గురువులు బ్రహ్మచర్యం, విధేయత మాత్రమే మాటిస్తారు. సొంత ఆస్తి ఉండొచ్చు. సన్యాస సభలకు చెందిన ఫాదర్లు, సిస్టర్లు పేదరికాన్ని కూడా కలిపి మూడు వ్రతాలు చేస్తారు. వాళ్లు వాడే కారు, ఫోను సభవి. అస్సీసి ఫ్రాన్సిస్ తన సోదరులకు ఇంకా బిగువు పెట్టారు. 1223లో పోపు ఆమోదించిన ఆ నియమావళిలో నాణెం ముట్టకూడదని, పనిచేసి కూలి వస్తువుగా తీసుకోవాలని, ఇల్లు, స్థలం ఏదీ తమదనకూడదని, అవసరమైతే సిగ్గుపడకుండా భిక్షకు పోవాలని ఉంది.

ప్రశ్న (పత్తికొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు): ఎర్రగుడి అశోకుని శాసనాల్లో భిక్షువుల ప్రస్తావన ఉందా? పిల్లలకు చూపించాలి.

జవాబు: ఉంది. గుత్తి నుంచి మీ ఊరు వచ్చే దారిలోని ఆ గుండ్ల మీద పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ రెండూ ఉన్నాయి. ఎనిమిదో శాసనంలో రాజు వేటయాత్రలు మాని ధర్మయాత్ర మొదలుపెట్టానని, అందులో బ్రాహ్మణులను, శ్రమణులను (బౌద్ధ, జైన భిక్షువుల్లాంటి వారిని) దర్శించి దానాలిచ్చానని చెబుతాడు. మూడోదాన్ని పిల్లలకు తప్పక చెప్పండి. బ్రాహ్మణులకు, శ్రమణులకు దానం మంచిదని చెప్పి, ఆ వెంటనే తక్కువ ఖర్చుపెట్టడం, తక్కువ కూడబెట్టడం మంచివి అంటాడు. వైరాగ్యం భిక్షువులకు వదిలేసి ఊరుకోలేదు, సంసారులకూ ఒక పాలు పంచాడు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి. అదీ చూపించండి, పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న (నంద్యాల): వాకిట్లోకి భిక్షకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి మఠానికి ఇద్దామనుకుంటున్నాం. పోయినేడు అలా చేస్తే పురుగు పట్టింది.

జవాబు: మంచి పద్ధతి. పురుగు పట్టడానికి కారణం ఎక్కువరోజులు నిల్వ ఉంచడమే. పెద్దవాళ్ల పిడికిలి సుమారు నలభై గ్రాములు, నెలకు కిలోంబావు దాకా వస్తుంది. ఒక్కరే మూడు నెలలు దాచేకన్నా వీధిలో పదిళ్లు కలిస్తే పక్షానికే ఆరు కిలోలు అవుతాయి, ఏకాదశికో అమావాస్యకో ఇచ్చేయవచ్చు. తడిచేత్తో పిడికిలి తీయకండి, ముక్కిపోవడం అక్కడే మొదలవుతుంది. బియ్యం కడగబోయే ముందు కాదు, డబ్బా మూత తీయగానే తీసిపెట్టండి. నీడలో ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి వేయండి, పచ్చి ఆకు వేస్తే చెమ్మ పడుతుంది. మీరు తినే సోనామసూరీ అయితే అదే ఇవ్వండి. తమకు సన్నబియ్యం, మఠానికి రేషన్ బియ్యం అని వేరు చేయకండి. రెండూ కలిపి ఇచ్చినా వండేటప్పుడు ఒకటి ఉడికి ఒకటి ఉడకక వంటవాళ్లు ఇబ్బంది పడతారు. ఇచ్చేముందు వాళ్లకు బియ్యమే కావాలో, పప్పో నూనెనో కావాలో కనుక్కోండి. కొన్నిచోట్ల బియ్యం మూటలు పేరుకుని, పప్పు కొరతగా ఉంటుంది.